మంత్రోపదేశము: రహస్యమా? లోకహితమా?

మననము చేయువానిని రక్షించునది మంత్రమని పెద్దలు నిర్వచించిరి. అది గురుముఖమున లభింపవలెననుట వైదికులకును బౌద్ధులకును సమ్మతమే. అయితే గురువు దానిని కొందరికే పరిమితము చేయవలెనా, కోరినవారికెల్ల నొసంగవలెనా యను ప్రశ్న రెండు మతములందును పుట్టినది. మన ప్రాంతపు చరిత్రలో ఆ ప్రశ్నకు లభించు సమాధానము తెలిసికొనదగినది.

ఋగ్వేదము తృతీయ మండలములోని గాయత్రికి విశ్వామిత్రుడు ద్రష్ట. ఉపనయన సమయమున తండ్రి వస్త్రము కప్పి వటువు చెవిలో దాని నుపదేశించును. వ్రాతకంటె వినికిడియే ప్రమాణమైన కాలమున స్వరము చెడకుండ కాపాడుటకు ఈ కట్టుబాటు తోడ్పడెను. కాని దానివలననే స్త్రీలకును శూద్రులకును ఆ ద్వారము మూతపడెను. బుద్ధ భగవానుడు వైశాలి సమీపమున వ్యాధిగ్రస్తుడై కోలుకొన్న పిమ్మట, తన బోధలో ఆచార్యుడు పిడికిట దాచుకొన్నదేదియు లేదని ఆనందునితో చెప్పినట్లు మహాపరినిర్వాణ సూత్రము తెలుపుచున్నది.

ఆ ధర్మము మన మూసీ తీరమునకును వచ్చెను. హైదరాబాదు నగరమందలి చైతన్యపురిలో, నరసింహస్వామి వెలసిన గుట్టపై బ్రాహ్మీలిపిలో చెక్కిన ప్రాకృత శాసనము గోవిందరాజ విహారమును, భిక్షాన్నముతో జీవించు భిక్షువులను పేర్కొనుచున్నది. త్రిశరణములు వినిపించిన ఆ గుట్టమీదనే నేడు నరసింహ నామము వినిపించుచున్నది.

కాలక్రమమున బౌద్ధమునందును మంత్రయానము వెలసి, అభిషేకము పొందినవారికే మంత్రమను నియమ మేర్పడెను. కాలచక్ర తంత్రమును బుద్ధుడు ధాన్యకటక స్తూపమున, అనగా నేటి అమరావతి యొద్ద, ఉపదేశించెనని టిబెట్టు వారి విశ్వాసము. చరిత్రకారులు మాత్రము ఆ తంత్రము బుద్ధుని తరువాత పెక్కు శతాబ్దులకు పుట్టినదందురు. ఏమైనను, 2006 జనవరిలో పదునాలుగవ దలైలామా అమరావతికి విచ్చేసి, వేలాది జనుల సమక్షమున కాలచక్రాభిషేకము నొసంగెను. ఒకప్పటి రహస్యము మైదానమునకు వచ్చెను.

వైష్ణవమున ఇట్టి కథయే కలదు. 1017లో జన్మించిన రామానుజాచార్యులు గోష్ఠీపూర్ణుని కడకు పదునెనిమిది మారులు పోయిన పిదపగాని అష్టాక్షరీ రహస్యము లభింపలేదట. లభించినంతనే గురువాజ్ఞ మీరి, తిరుక్కోష్టియూరు ఆలయ గోపురమెక్కి దానిని అందరికిని చాటెనట. ఆజ్ఞ మీరినందుకు నరకము తప్పదన్న గురువుతో, ఇందరు తరించుచుండగా తానొక్కడు నరకమునకు పోవుటకు సమ్మతమేనని విన్నవించెనట. బోధించినది మంత్రమా, మంత్రార్థమా యను విషయమున భేదాభిప్రాయములున్నను, లోకము మరువనిది ఆ తెగువయే. శంషాబాదు చెంత ముచ్చింతలలో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైన 216 అడుగుల విగ్రహము ఆ ఆచార్యునిదే.

గచ్చిబౌలికి చేరువనే యున్న గోలకొండ కోటలో తానాషా కాలమున చెరననుభవించిన కంచెర్ల గోపన్నకు, కబీరుదాసు తారకమంత్రము నుపదేశించెనని జనశ్రుతి. కబీరు 15వ శతాబ్దివాడు, గోపన్న 17వ శతాబ్దివాడు, కాలము పొసగదు. అయినను సాలెవాడైన మహాత్ముడు బ్రాహ్మణునకు గురువాయెనని ప్రజలు తరతరములుగ చెప్పుకొనుటలో వారి హృదయము వెల్లడియగుచున్నది. గోపన్న రామదాసై, ఆ నామమును తేట తెలుగు కీర్తనలుగ పాడి, అక్షరము రానివారికిని అందుబాటు చేసెను.

ఇందువలన గురువు అనవసరమని తలపరాదు. గ్రంథాలయమున పుస్తకము తెరచిన వారెవరికైనను మంత్రాక్షరములు కనబడును. ఉచ్చారణమును, అర్థమును, నడవడిని దిద్దుటకు గురువు కావలయును. రామానుజులు పదునెనిమిది మారులు నడచి సంపాదించినది అర్హత. ఆ దారిలో ధనము ప్రసక్తి లేదు. చెవిలో చెప్పెదనని మంత్రమునకు వెల కట్టువాడు ఎదురైనపుడు, పాఠకులు ఈ మహనీయుల చరిత్రను జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక!