సముద్రపు తొట్టికి పంపు

పులుసు మరిగినకొలది ఉప్పదనము హెచ్చునని ఎరుగని ఇల్లాలు లేదు. నీరు ఆవిరియై పోవును. ఉప్పు గిన్నెలోనే నిలుచును. సముద్రజీవులను గాజుతొట్టిలో పెంచువారికి ఈ చిన్న సంగతియే పెద్ద చిక్కు. తరిగినంత మంచినీరు వెంటవెంటనే చేర్చనిచో, తొట్టిలోని జీవులు నానాటికి ఉప్పెక్కిన నీటిలో క్రమముగా నశించును. నేడు ఈ పనిని నీటిపై తేలెడు ఒక మీటయు, ఒక చిన్న విద్యుత్ పంపును కలిసి తమంతట తామే చేయుచున్నవి. అయితే ఆ పంపు ఎట్టిదై యుండవలెను? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు వెనుకటి కథ కొంత తెలియవలెను.

మొదటి పంపు యంత్రము కాదు, మనిషి. 1846లో ఆనా థిన్ అను ఆంగ్ల మహిళ టోర్కీ తీరమునుండి పగడపు జాతి జీవులను కొన్నింటిని లండనునకు తెచ్చెను. నీటికి గాలి సోకుటకై ఆమె ఇంటి పనికత్తె తెరచిన కిటికీ యెదుట నిలిచి, ఆ నీటిని ఒక పాత్రనుండి మరొక పాత్రలోనికి అదేపనిగా పోయుచుండెడిది. జీవులు బ్రతికినవి. ఆ కీర్తిలో సగమైనను ఆ పనికత్తెకు చెందవలెనని నా అభిప్రాయము.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనవేత్త బంగారుచేపలను, నీటిమొక్కలను, నత్తలను ఒకే తొట్టిలో నుంచి, మొక్కలిచ్చు ప్రాణవాయువుతో నీరు మార్చకయే చేపలు నిలువగలవని చూపెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యశాల తెరచిరి. మరుసటి యేడు ఫిలిప్ గాస్ వ్రాసిన గ్రంథముతో ఇంగ్లండునందు ఇంటింట తొట్టి వెలసినది. ఇక పంపుతో పనియేమి అనిరి. కాని మొక్కలు గాలి నీయగలవేగాని ఆవిరిని ఆపలేవు గదా! గాజుపై గీత గీసి, నీరు దానికి దిగువకు జారినప్పుడెల్ల చేతితో మంచినీరు పోయుట తప్పలేదు.

పంపునకు గౌరవము తెచ్చినవాడు విలియమ్ ఆల్ఫర్డ్ లాయిడ్. ఈయన మొదట పుస్తకములు బైండు చేసికొని బ్రతికినవాడు; పిదప లండనులో తొట్ల దుకాణము పెట్టెను. 1864లో హాంబర్గులోను, 1871లో లండనులోని క్రిస్టల్ పాలెస్‌లోను ఆయన పర్యవేక్షణలో గొప్ప మత్స్యాలయములు వెలసినవి. ఆయన ఉపాయమిది: ప్రదర్శన తొట్లకన్న ఎన్నోరెట్లు పెద్దదగు జలాశయమును నేలక్రింద చీకటిలో నుంచి, ఆవిరియంత్రముతో నీటిని రేయింబవళ్లు త్రిప్పుట. ఉప్పునీరు లోహమును తినివేయును. కరగిన రాగి కొంచెమైనను నీటి జీవులకు విషము. అందుచే ఆయన పంపులకు గట్టిపరచిన రబ్బరును, అనగా ఎబొనైటును వాడించెను. ఒక యంత్రము చెడినచో నిలుచుటకు రెండవదానిని సిద్ధముగా నుంచెను.

లాయిడు పంపు నీటిని త్రిప్పునది, కావున బలముండవలెను. తరిగిన నీటిని నింపు పంపు పని వేరు. ఈ భేదము మరచి బలమైనదే మేలని కొనువారు నేటికిని కలరు. లెక్క చూడుడు. నూరు లీటర్ల సముద్రజలములో లీటరుకు 35 గ్రాముల చొప్పున మూడున్నర కిలోల ఉప్పుండును. మీట చిక్కుకొని పంపు ఆగక 20 లీటర్ల మంచినీరు పోసినచో, ఉప్పు లీటరుకు 29 గ్రాములకు పడిపోవును. గంటకు వేయి లీటర్ల పంపునకు ఈ అనర్థము చేయుటకు 72 సెకండ్లు చాలును. గంటకు మూడు లీటర్లు మాత్రమే పంపునదైనచో ఆరున్నర గంటలు దాటును. ఈలోగా ఎవరో ఒకరు చూడకపోరు.

మెత్తని గొట్టమును చక్రములతో నొక్కి నీటిని జరపు పంపులు ఇట్టి మందగమనము గలవి. నీరు తాకునది గొట్టమొక్కటే గనుక లోహభయమును లేదు. మంచినీటి పాత్ర చిన్నదై యుండుట మరొక కాపుదల: అందులో అయిదు లీటర్లే యున్నచో, ఎంత పొరపాటు జరిగినను ఉప్పు 33కు చేరి ఆగును. నీటిలో మునిగి పనిచేయు మామూలు పంపునే కొనువారు గొట్టపు కొనను తొట్టి నీటిమట్టమునకు పైన కట్టవలెను. కొన నీటిలో మునిగియున్నచో, పంపు ఆగిన పిమ్మట తొట్టిలోని ఉప్పునీరు గొట్టమువెంట వెనుకకు జారి మంచినీటి పాత్రలో చేరును.