రికార్డుల్లో 'ముప్పు తక్కువ'.. తెగితే ఏడు ప్రాణాలు! ప్రైవేట్ డ్యామ్‌లను చెక్ చేసేదెవరు?

చెరకు తోటలకు నీళ్లు ఇచ్చేందుకు 1890లో కట్టిన మట్టి డ్యామ్ అది. ప్రభుత్వానిది కాదు, ప్రైవేట్ ఆస్తి. రికార్డుల్లో దాని పక్కన రాసి ఉన్న మాట 'లో హజార్డ్'. అంటే ముప్పు తక్కువ అని. 2006 మార్చి 14న తెల్లవారుజామున ఆ కట్టకు గండి పడింది. దిగువన ఉంటున్న ఏడుగురు చనిపోయారు. వాళ్లలో ఒక గర్భిణి, ఒక పసిబిడ్డ కూడా ఉన్నారు.

అమెరికాలోని హవాయి రాష్ట్రంలో కవాయ్ అనే దీవి ఉంది. ఆ దీవి ఉత్తర తీరంలో కిలావెయా ఊరికి పైన ఉండేది ఈ కలోకో డ్యామ్. సొంత భూమిలో చెరువు ఉంటే దాని బాగోగులు ఎవరు చూడాలి? సర్కారు ఎంతవరకు జోక్యం చేసుకోవాలి? ఈ ప్రశ్నలకు హవాయి చాలా ఖరీదైన పాఠం నేర్చుకుంది.

అసలేం జరిగింది?

ఆ ఏడాది ఫిబ్రవరి చివరి నుంచి కవాయ్‌లో వానలు ఆగలేదు. మార్చి 14న చీకటి విడకముందే కట్ట తెగింది. దాదాపు 40 కోట్ల గ్యాలన్ల నీళ్లు ఒక్కసారిగా కిందికి దూకాయి. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 150 కోట్ల లీటర్లు. టీఎంసీల్లో చూస్తే 0.05 మాత్రమే. మన ప్రాజెక్టుల పక్కన పెడితే ఇది అసలు లెక్కలోకే రాదు. కానీ ఆ కాస్త నీళ్లే ఇళ్లను పునాదులతో సహా ఊడ్చుకుపోయాయి. చెట్లు, బురద, బండరాళ్లు అన్నీ కలిసి కిందికి వచ్చాయి. ఉత్తర తీరానికి ప్రధాన దారి అయిన కుహియో హైవే కూడా దెబ్బతింది.

ఓనర్ ఎవరు?

చెరకు కంపెనీ 1970ల మొదట్లో మూతపడింది. తోటలు పోయినా చెరువు మిగిలింది. 1987లో డ్యామ్ ఉన్న భూమిని జేమ్స్ ఫ్లూగర్ కొన్నారు. ఆయన హవాయిలో పేరున్న కార్ల డీలర్. జలాశయంలో కొంత భాగం మాత్రం ఒక ట్రస్టు పేరు మీద ఉండేది. రైతులకు నీళ్లు సరఫరా చేసే పని ఇంకో ఇరిగేషన్ కంపెనీది.

అంటే భూమి ఒకరిది, నీళ్లు ఇంకొకరివి. మరి కట్ట మెయింటెనెన్స్ ఎవరిది? డ్యామ్ తెగాక అందరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకున్నారు.

అలుగు ఎందుకంత ముఖ్యం?

మట్టి కట్టకు పెద్ద శత్రువు తన మీద నుంచి పొర్లే నీళ్లే. కాంక్రీట్ డ్యామ్ మీద నుంచి నీళ్లు దూకినా కొంతసేపు తట్టుకునే అవకాశం ఉంటుంది. మట్టి కట్ట అలా కాదు. పైనుంచి పొర్లిన నీళ్లు వెనక వాలును కోస్తూ పోతాయి. చిన్న కోత కాలువ అవుతుంది, కాలువ గండి అవుతుంది. ఆ తర్వాత ఎవరూ ఆపలేరు.

అందుకే ప్రతి మట్టి కట్టకూ అలుగు ఉంటుంది. తెలంగాణలో మత్తడి అంటారు. ఎక్కువైన నీళ్లు కట్ట మీదికి ఎక్కకముందే పక్క నుంచి బయటకు పోయే దారి అది. ఈ దారి మూసుకుపోతే కట్ట ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు.

కలోకోలో జరిగింది ఇదేనని దర్యాప్తు చెబుతోంది. హవాయి ప్రభుత్వం నియమించిన న్యాయవాది రాబర్ట్ గాడ్‌బీ 2007 జనవరిలో నివేదిక ఇచ్చారు. పనిచేసే అలుగు లేకపోవడంతో నీళ్లు కట్ట మీద నుంచి పొర్లి ఉంటాయని, గండికి అదే అసలు కారణం అయ్యే అవకాశం ఎక్కువని అందులో ఉంది. స్థలం చదును చేసే పనుల్లో ఫ్లూగరే అలుగును పూడ్చేశారని ప్రాసిక్యూషన్ ఆరోపించింది. ఆయన మాత్రం ఈ ఆరోపణను ఒప్పుకోలేదు.

మరి అధికారులు ఏం చేశారు?

ఈ కేసులో జనానికి ఎక్కువ కోపం తెప్పించిన విషయం ఇదే. హవాయిలో డ్యామ్ సేఫ్టీ చట్టం 1987 నుంచే ఉంది. అంటే ఫ్లూగర్ ఈ భూమి కొన్న ఏడాదే వచ్చింది. చట్టం ఉన్నా, రాష్ట్ర అధికారులు కలోకో డ్యామ్‌ను తనిఖీ చేయలేదని నివేదిక తేల్చింది. డ్యామ్ సేఫ్టీకి సిబ్బంది చాలా తక్కువ. పైగా ఈ డ్యామ్ 'లో హజార్డ్' కేటగిరీలో ఉంది. సహజంగానే లిస్టులో వెనక్కి పోయింది.

ఇక్కడ చాలామంది పొరబడే పాయింట్ ఒకటుంది. 'హజార్డ్' అనే మాట కట్ట బలం గురించి చెప్పదు. కట్ట తెగితే కింద ఎంత నష్టం జరుగుతుందో చెబుతుంది. కొత్తగా కట్టిన గట్టి డ్యామ్ కింద ఊరు ఉంటే అది 'హై హజార్డ్'. పగుళ్లు పడిన పాత కట్ట కింద ఖాళీ పొలాలే ఉంటే 'లో హజార్డ్'. కలోకో కింద మాత్రం మనుషులు ఉంటున్నారు. కాగితం మీద ఉన్న మాటకు, కింద కనిపించే ఇళ్లకు పొంతన లేదు. కట్ట కింద ఇళ్లు వచ్చినప్పుడల్లా కేటగిరీ కూడా మారాలి. ఇక్కడ అది జరగలేదు.

స్థానిక యంత్రాంగానికి ఒక ఛాన్స్ వచ్చింది. 1997లో అక్కడ పర్మిషన్ లేకుండా మట్టి పనులు జరుగుతున్నాయని కౌంటీ ఇన్‌స్పెక్టర్ గుర్తించారు. అయినా ఆ వ్యవహారం డ్యామ్ భద్రత దాకా వెళ్లలేదు.

శిక్ష పడిందా?

పడింది. కానీ ఎనిమిదేళ్లు పట్టింది. 2008లో ఫ్లూగర్‌పై ఏడు మరణాలకు సంబంధించి నరహత్య అభియోగాలు నమోదయ్యాయి. 2013లో ప్రాసిక్యూషన్‌తో ఒప్పందం కుదిరింది. నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణాలను ప్రమాదంలో పెట్టారన్న అభియోగానికి ఆయన 'నో కాంటెస్ట్' అన్నారు. అంటే నేరం ఒప్పుకోరు, కాదని వాదించరు కూడా. నరహత్య అభియోగాలను ఆయన కంపెనీ నెత్తిన వేసుకుంది. 2014లో కోర్టు ఆయనకు 7 నెలల జైలు శిక్ష వేసింది. అప్పటికి ఆయన వయసు 88 ఏళ్లు. 2017లో చనిపోయారు.

ప్రమాదం తర్వాత ఏం మారింది?

గండి పడిన వెంటనే రాష్ట్రంలోని మిగతా డ్యామ్‌లను ఇంజినీర్లు వరసగా పరిశీలించారు. 2007లో కొత్త డ్యామ్ సేఫ్టీ చట్టం వచ్చింది. నీళ్లు నిల్వ చేయాలంటే ఓనర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. తనిఖీకి వచ్చే అధికారులను లోపలికి రానివ్వాలి. హై హజార్డ్ డ్యామ్ అయితే ఎమర్జెన్సీ ప్లాన్ రెడీగా ఉండాలి.

అయినా సమస్య పూర్తిగా తీరలేదు. హవాయి డ్యామ్‌లలో చాలావరకు చెరకు తోటల కాలం నాటి మట్టి కట్టలే. కట్టిన కంపెనీలు మూతపడ్డాయి. రిపేర్లకు కోట్లు కావాలి, ఆదాయం మాత్రం అంతగా ఉండదు. 2021 మార్చిలో మావి దీవిలోని కౌపకలువా డ్యామ్ పొర్లుతోందన్న సమాచారంతో దిగువ ప్రాంతాలను ఖాళీ చేయించారు. ఆ కట్ట తెగలేదు. కానీ దాని లోపాలను అధికారులు అంతకుముందే గుర్తించారు.

మన దగ్గర రూల్స్ ఏంటి?

2021 నవంబర్ 19న కడప జిల్లాలో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కొట్టుకుపోయింది. అది ప్రభుత్వ డ్యామే. కానీ జరిగింది అదే. గేట్ల సామర్థ్యాన్ని మించి వరద వచ్చింది, మట్టి కట్ట నిలవలేదు. ఓనర్ ఎవరో నీళ్లకు అనవసరం.

ఆ ఏడాది డిసెంబర్ 30 నుంచి దేశంలో డ్యామ్ సేఫ్టీ చట్టం అమల్లోకి వచ్చింది. ఓనర్ అంటే ప్రభుత్వం ఒక్కటే అని ఇందులో లేదు. కంపెనీలు కూడా దీని కిందికే వస్తాయి. వర్షాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ తప్పనిసరి. ఈ చట్టం కింద ఇచ్చిన ఆదేశాలను పాటించకపోతే ఏడాది వరకు, దానివల్ల ప్రాణాలు పోతే రెండేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

అయితే ఒక లిమిట్ ఉంది. 15 మీటర్ల కంటే ఎత్తైన డ్యామ్‌లకే ఈ చట్టం నేరుగా వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే కట్ట పొడవు, నీటి నిల్వ లాంటి షరతులు చూస్తారు. అంతకంటే చిన్న చెరువులు, కుంటలు, ప్రైవేట్ తోటల్లోని కట్టలు దీని పరిధిలోకి రావు. ఆ 0.05 టీఎంసీ కలోకో ఏం చేసిందో చూశాక, చిన్న చెరువే కదా అని వదిలేయలేం.

కట్ట దగ్గర ఇవి కనిపిస్తే అలర్ట్!

- అలుగు పూడిపోవడం, ముళ్ల కంపలతో మూసుకుపోవడం, అలుగు దారిలో ఇల్లు గానీ షెడ్డు గానీ రావడం
- కట్ట వెనక వాలు నుంచి నీళ్లు ఊరడం. ఊట తేటగా ఉన్నా గమనిస్తూ ఉండాలి. బురదగా మారితే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే
- కట్ట పైభాగం ఒకచోట కుంగడం, పొడవునా పగుళ్లు రావడం
- కట్ట మీద పెద్ద చెట్లు పెరగడం, ఎలుకలు, ఎండ్రకాయలు బొరియలు చేయడం

వీటిలో ఏది కనిపించినా ఇరిగేషన్ ఏఈకి గానీ, తహసీల్దార్ ఆఫీసులో గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. చెరువు ప్రైవేట్‌ది అయినా సరే ఇవ్వొచ్చు. బురద ఊట గానీ, కుంగుడు గానీ కనిపిస్తే మాత్రం కాగితం దాకా ఆగొద్దు. ముందు కట్ట కింద ఉన్న వాళ్లను లేపాలి.