ఆ గది అద్దె ఎవరు కడుతున్నారు?

ఒంటరి స్త్రీ గురించి హాలీవుడ్ తీసిన రొమాంటిక్ కామెడీలు చూస్తున్నప్పుడు నా కళ్ళు ఎప్పుడూ నాయిక గది మీదే ఉంటాయి. ప్రేమకథ ఎక్కడ తేలుతుందో మనకు ముందే తెలుసు. ఆ గది అద్దె ఎవరు కడుతున్నారో, ఆమెను నమ్మి ఇల్లు ఎవరిచ్చారో మాత్రం సినిమా చెప్పదు. 1964 డిసెంబరులో విడుదలైన 'సెక్స్ అండ్ ది సింగిల్ గర్ల్' చూస్తే ఈ మౌనం వెనక ఎంత చరిత్ర ఉందో అర్థమవుతుంది.

ఈ పేరు అసలు ఒక పుస్తకానిది. 1962లో హెలెన్ గర్లీ బ్రౌన్ రాసిన ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఆర్కాన్సాస్‌లో పుట్టి, చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న హెలెన్, ఒకదాని తర్వాత ఒకటిగా సెక్రటరీ ఉద్యోగాలు చేసి ప్రకటనల రంగంలో కాపీరైటర్ అయింది. ముప్పై ఏడేళ్ళకు పెళ్ళి చేసుకుంది. పెళ్ళికాని స్త్రీకి శారీరక సంబంధం ఉండటం తప్పు కాదని రాసినందుకే అప్పట్లో అంత దుమారం. కానీ అదే పుస్తకంలో జీతం ఎలా పొదుపు చెయ్యాలి, సొంతంగా ఇల్లు ఎలా అమర్చుకోవాలి, ఉద్యోగంలో ఎలా పైకి రావాలి అన్న విషయాలూ ఉన్నాయి. మగవాణ్ణి మెప్పించే చిట్కాలకూ కొదవలేదు. అక్కడ ఆమెతో మనకు పేచీ తప్పదు. అయినా డబ్బు లెక్క లేకుండా ఒంటరి స్త్రీ బతుకు గురించి మాట్లాడలేమన్న ఇంగితం ఆమెకుంది.

సినిమా వాళ్ళు పుస్తకం పేరూ, రచయిత్రి పేరూ తప్ప పెద్దగా ఏమీ తీసుకోలేదు. నటాలీ వుడ్ వేసిన హెలెన్ సెక్రటరీ కాదు, మనస్తత్వ నిపుణురాలు. జీతం బెంగ లేదు. ఆమె కన్యా కాదా అని కూపీ లాగడానికి ఒక పత్రికా సంపాదకుడు (టోనీ కర్టిస్) పక్కింటాయన పేరు పెట్టుకుని, భార్యతో పడని భర్తగా ఆమె దగ్గరికి చికిత్సకు వస్తాడు. ఆ అబద్ధం మీదే ప్రేమ పుడుతుంది. చివర్లో కార్ల పరుగులు, జంటలు కలవడాలు. హెన్రీ ఫోండా, లారెన్ బకాల్ పోట్లాటలకు నేనూ నవ్వాను. కానీ ఒంటరి బతుకును సమర్థించిన ఆమెకు ఒంటరితనమే జబ్బనీ పెళ్ళే మందనీ తేల్చిన తీరు నవ్వులో కొట్టుకుపోకూడదు.

ఆ సంవత్సరాల్లో తెర బయట ఏం జరిగింది? గర్భనిరోధక మాత్రకు అమెరికాలో 1960లో అనుమతి వచ్చింది. 1965లో సుప్రీంకోర్టు గర్భనిరోధక సాధనాలు వాడే హక్కును గుర్తించింది, అదీ పెళ్ళయిన దంపతులకే. బోస్టన్‌లో ఒక ఉపన్యాసం తర్వాత పెళ్ళికాని యువతికి గర్భనిరోధక నురగ ఇచ్చినందుకు 1967లో బిల్ బెయర్డ్‌ని అరెస్టు చేశారు. ఆ కేసులోనే 1972లో పెళ్ళికానివాళ్ళకూ ఆ హక్కు దక్కింది. 1968 నాటి గృహవసతి చట్టం జాతి, మతం చూసి ఇల్లు నిరాకరించకూడదంది కానీ, స్త్రీ అన్న కారణంతో నిరాకరించడాన్ని ఆపలేదు. ఆ మాట 1974లో చేరింది. పెళ్ళయిందా లేదా అని చూసి అప్పు నిరాకరించకూడదన్న జాతీయ చట్టం కూడా 1974లోనే వచ్చింది. అంటే తెర మీద హెలెన్ హాయిగా తిరుగుతున్న నాటికి, అలా బతకాలనుకున్న మామూలు గుమస్తా అమ్మాయికి ఈ రక్షణలేవీ లేవు.

అర్ధశతాబ్దం తర్వాత, 2016లో వచ్చిన 'హౌ టు బి సింగిల్'లో ఆలిస్ న్యూయార్క్ వచ్చి ముందు అక్క ఇంట్లో దిగుతుంది. చివర్లో ఏ మగవాడి పక్కనా కాకుండా గ్రాండ్ కాన్యన్‌లో ఒంటరిగా నిలబడుతుంది. ఈ ముగింపు నాకు నచ్చింది. కానీ ఇక్కడా స్వాతంత్ర్యం మనసుకు సంబంధించిన పాఠమే. దానికోసం కోర్టుల్లో, వీధుల్లో పోరాడిన స్త్రీలు కథలో ఎక్కడా లేరు.

హైదరాబాదులో ఇల్లు వెతుక్కునే పెళ్ళికాని అమ్మాయికి ఈ తేడా ఎవరూ వివరించక్కర్లేదు. జీతం ఎంతని అడిగేలోపే "మీవారేం చేస్తారమ్మా?" అన్న ప్రశ్న వస్తుంది. ఎంత ఆత్మవిశ్వాసంతో జవాబు చెప్పినా, ఇల్లివ్వనన్న యజమాని మీద ఆమె చెయ్యగలిగింది చాలా తక్కువ. అందుకే ఈ సినిమాలు సరదాగా చూద్దాం కానీ, వాటిని స్వాతంత్ర్య చరిత్రగా మాత్రం చదవొద్దు. నాయికకు ధైర్యం ఎలా వచ్చిందని సినిమా చెబుతున్నప్పుడు, ఆమె చేతికి ఆ ఇంటి తాళంచెవి ఎలా వచ్చిందో మనం అడగాలి.