పనిస్థలములో విశ్రాంతిదినము: 1985 నాటి కెనడా తీర్పు

ఆదివారము డ్యూటీ పడిన విశ్వాసిని "ఆరాధనకు ఎందుకు రాలేదు?" అని అడగడము కాపరికి తేలిక. జవాబు చెప్పడము ఆ విశ్వాసికి కష్టము. జీతము, ఆరాధన ఒకదానికొకటి అడ్డుపడినప్పుడు చట్టము ఏమి చేయగలదో కెనడా చరిత్రనుండి ఈ వ్యాసములో పరిశీలిస్తున్నాము.

1985 ఏప్రిల్‌లో కెనడా సుప్రీంకోర్టు ఆదివారపు వ్యాపారమును నిషేధించిన 1906 నాటి చట్టమును కొట్టివేసింది. ఒక మతము వారి విశ్రాంతిదినమును అందరిచేత బలవంతముగా ఆచరింపజేయడము మతస్వేచ్ఛకు విరుద్ధమని తీర్పు చెప్పింది. ఇది సంఘమునకు నష్టమని తోచవచ్చు. అయితే అదే న్యాయస్థానము డిసెంబరు 17న ఇచ్చిన మరియొక తీర్పును దీని ప్రక్కన ఉంచి చదవాలి.

ఒంటారియోలోని కింగ్‌స్టన్‌లో సింప్సన్స్-సియర్స్ దుకాణపు ఉద్యోగులు మూడు శనివారములలో రెండింట పనిచేయాలి. అక్కడ పనిచేసే థెరీసా ఒమాలీ 1978లో సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘములో చేరి, శుక్రవారము సూర్యాస్తమయమునుండి శనివారము సూర్యాస్తమయమువరకు పని మానింది. ఫలితముగా పూర్తికాలపు ఉద్యోగము పోయి, పార్ట్‌టైమ్ పని మిగిలింది. క్రింది విచారణలన్నిటిలోను ఆమె ఓడిపోయింది.

సుప్రీంకోర్టు మాత్రము రెండు సంగతులు తేల్చింది. మొదటిది, యజమానికి దురుద్దేశము లేకపోయినా, అందరికీ ఒకటిగానే పెట్టిన నియమము ఒకరి విశ్వాసముపై భారము మోపితే అది వివక్షే. రెండవది, తనకు మితిమీరిన ఇబ్బంది కలగనంతవరకు ఆ ఉద్యోగికి వీలు కల్పించడము యజమాని బాధ్యత. అలా ప్రయత్నించినట్లు నిరూపించవలసినది కూడ యజమానియే. ఆమెకు నష్టపోయిన జీతము దక్కింది.

అదే రోజున తలపాగాకు బదులు హెల్మెట్ ధరించలేనన్న ఒక సిక్కు రైల్వే ఉద్యోగి ఓడిపోయాడు. భద్రతా నియమము ఉద్యోగమునకు నిజముగా అవసరమైతే, వీలు కల్పించే బాధ్యత ఉండదని న్యాయమూర్తులలో అధికులు భావించారు. ఆ వాదము సరికాదని 1990లో అదే న్యాయస్థానము ఒప్పుకున్నది. 1992లో కార్మిక సంఘము కూడ ఈ బాధ్యతను పంచుకోవాలని, ఉద్యోగి సైతము సహకరించాలని చెప్పింది.

ఈ చరిత్ర కాపరులకు రెండు పాఠములు నేర్పుతుంది. చట్టబలముతో అందరిపై మోపిన ఆదివారము నిలువలేదు. మనస్సాక్షితో ఒక స్త్రీ పాటించిన శనివారము నిలిచింది. మన విశ్వాసికి ఆదివారపు సెలవు కోరే మనము, పొరుగువాని తలపాగా కొరకు కూడ అదే గొంతుతో మాట్లాడగలమా? మాట్లాడలేకపోతే మనము అడుగుతున్నది స్వేచ్ఛ కాదు, సౌకర్యము మాత్రమే.