చిట్టెలుకల భయంపై జన్యు నేపథ్యం ప్రభావం

ప్రయోగశాల చిట్టెలుకలన్నీ ఒకేలా భయపడవు. వరసగా 20 తరాలు తోబుట్టువులనే జతకట్టించి పెంచిన వంశంలో ఎలుకలన్నీ జన్యుపరంగా దాదాపు ఒకటే. కాబట్టి ఒకే వసతిలో పెరిగిన రెండు వంశాల మధ్య ప్రవర్తనలో తేడా కనిపిస్తే, దాని మూలాన్ని జన్యువుల్లో వెతకవచ్చు.

వెలుతురున్న విశాలమైన పెట్టెలో వదిలితే నల్లని సి57బిఎల్/6 ఎలుక చురుగ్గా తిరుగుతుంది. తెల్లని బాల్బ్/సి అంతగా కదలదు, గోడవారనే ఉండిపోతుంది. అమెరికాలో జాన్ డిఫ్రీస్ బృందం ఈ రెండింటినీ సంకరపరిచి, వాటి సంతతిలో బాగా తిరిగేవాటినీ కదలనివాటినీ వేరుచేసి 30 తరాలు పెంచింది. 1978లో వెల్లడైన ఫలితం విస్మయకరం: రెండు శాఖలకూ పొంతనే లేకుండా పోయింది. 1995లో జొనాథన్ ఫ్లింట్ బృందం వీటి సంతతిలోనే 1, 12, 15 సహా పలు క్రోమోజోములపై భయంతో ముడిపడిన స్థానాలను గుర్తించింది. అంటే దీనికి ఏ ఒక్క జన్యువో కారణం కాదు.

నేర్చుకున్న భయం సంగతి వేరు. స్వల్ప విద్యుదాఘాతం తగిలిన పెట్టెలోకి మళ్లీ చేరగానే సి57బిఎల్/6 కొయ్యబారిపోతుంది. డిబిఎ/2 అనే మరో వంశపు ఎలుకకు ఆ చోటుతో ముడిపడిన భయం బలహీనం.

అయితే జన్యువులే సర్వస్వం కాదు. 1999లో జాన్ క్రాబ్ బృందం మూడు నగరాల్లో ఒకే పరీక్షలు ఒకే తీరున జరిపినా, కొన్ని ఫలితాలు ప్రయోగశాలను బట్టి మారాయి. 2003 నాటి మరో అధ్యయనంలో, పిండదశ నుంచే బాల్బ్/సి తల్లుల దగ్గర పెరిగిన సి57బిఎల్/6 పిల్లలు పెద్దయ్యాక కొన్ని పరీక్షల్లో ఆ తల్లుల వంశంలాగే ప్రవర్తించాయి.