యూనిట్ - 9 : ఉమ్మడి పనికి సర్వర్ సాఫ్ట్‌వేర్ - సౌకర్యాలు, అభ్యాస వనరుల చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• ఉమ్మడి పనికి తోడ్పడే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎలా పుట్టిందో వివరించగలరు.
• లోటస్ నోట్స్, షేర్‌పాయింట్‌లలోని ముఖ్య సౌకర్యాలు ఏ అవసరం వల్ల వచ్చాయో చెప్పగలరు.
• కొత్త సౌకర్యానికీ, దాన్ని నేర్పే వనరులకూ ఉన్న సంబంధాన్ని చర్చించగలరు.

9.1 పరిచయం

ఒక కార్యాలయంలో నలుగురు ఉద్యోగులు కలిసి ఒక నివేదిక తయారు చేస్తున్నారనుకోండి. ఒకరు దిద్దిన ప్రతిని ఈ-మెయిల్‌లో మరొకరికి పంపుతారు. అది చేరేలోగా మూడోవారు పాత ప్రతినే దిద్దడం మొదలుపెడతారు. వారం తిరిగేసరికి 'ఫైనల్', 'ఫైనల్ 2', 'కొత్త ఫైనల్' అనే పేర్లతో ఫైళ్లు పోగుపడతాయి. వీటిలో అసలు ప్రతి ఏది? ఏ మార్పు ఎవరు చేశారు? పై అధికారి ఆమోదించినది ఏది?

ఈ ప్రశ్నలకు జవాబుగా వచ్చినదే ఉమ్మడి పనికి తోడ్పడే సర్వర్ సాఫ్ట్‌వేర్. సర్వర్ అంటే అందరి కంప్యూటర్లకు సేవలందించే కేంద్ర కంప్యూటర్. పత్రాలు, చర్చలు, పనుల జాబితాలు అందులో ఒకేచోట ఉంటాయి. ఉద్యోగులు తమకు ఇచ్చిన అనుమతుల మేరకు వాటిని చూస్తారు, మారుస్తారు.

ఈ సాఫ్ట్‌వేర్ చరిత్రను సాధారణంగా వెర్షన్ల జాబితాగా చెబుతారు. ఈ యూనిట్‌లో దానితోపాటు మరో చరిత్రను కూడా పరిశీలిస్తాం. ప్రతి కొత్త సౌకర్యాన్నీ ఎవరు, ఎక్కడ, ఎంత ఖర్చుతో నేర్చుకోగలిగారు అన్నదే ఆ రెండో చరిత్ర.

9.2 తొలి ప్రయత్నాలు : ప్లేటో నుంచి లోటస్ నోట్స్ వరకు

1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఒక ప్రదర్శన ఇచ్చాడు. దూరంగా ఉన్న ఇద్దరు ఒకే పత్రాన్ని తెరపై చూస్తూ కలిసి పనిచేయవచ్చని అందులో చూపించాడు. కంప్యూటర్ లెక్కలు చేసే యంత్రమే కాక, కలిసి ఆలోచించడానికి పనికివచ్చే సాధనం కూడా అని ఆ ప్రదర్శన తెలియజేసింది.

రెండో మెట్టు ఒక విద్యా ప్రాజెక్టులో పడింది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ ఉండేది. 1973లో డేవిడ్ వూలీ అనే 17 ఏళ్ల యువకుడు దానికి 'నోట్స్' అనే ప్రోగ్రామ్ రాశాడు. వినియోగదారులు తమ ఇబ్బందులను అందులో రాస్తే ఇతరులు దాని కిందే జవాబు రాసేవారు.

అదే విశ్వవిద్యాలయంలో చదివిన రే ఓజీకి ఈ ఆలోచన మనసులో నిలిచిపోయింది. 1984లో అతను ఐరిస్ అసోసియేట్స్ అనే సంస్థను స్థాపించాడు. లోటస్ సంస్థ పెట్టుబడితో తయారైన లోటస్ నోట్స్ 1989 డిసెంబరులో విడుదలైంది.

నోట్స్‌లోని ముఖ్య సౌకర్యం 'రెప్లికేషన్', అంటే ప్రతులను సరిపోల్చి సమానం చేయడం. ఆ రోజుల్లో శాఖా కార్యాలయాలకు నిరంతర నెట్‌వర్క్ ఉండేది కాదు. టెలిఫోన్ లైను కలిసినప్పుడు మాత్రమే సమాచారం పంపే వీలుండేది. కాబట్టి ప్రతి కార్యాలయంలోనూ డేటాబేస్ ప్రతి ఒకటి ఉండేది. లైను కలిసినప్పుడు రెండు సర్వర్లు తమ మధ్య మారిన అంశాలను మాత్రమే ఇచ్చిపుచ్చుకునేవి. లైను లేని వేళలో కూడా పని ఆగేది కాదు. 1995లో ఐబీఎం సంస్థ లోటస్‌ను సుమారు 350 కోట్ల డాలర్లకు కొన్నది. 2019లో నోట్స్, దాని సర్వర్ డామినో భారతీయ సంస్థ హెచ్‌సీఎల్ చేతికి వచ్చాయి.

9.3 సౌకర్యం వచ్చింది, శిక్షణ రాలేదు

నోట్స్ కొన్న సంస్థలన్నిటిలోనూ ఉమ్మడి పని పెరిగిందా? ఈ ప్రశ్నను వాండా ఓర్లికోవ్‌స్కీ అనే పరిశోధకురాలు ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థలో పరిశీలించి, 1992లో ఫలితాలను ప్రకటించింది. ఈ రంగంలో ఇప్పటికీ తరచుగా ప్రస్తావించే అధ్యయనాల్లో అది ఒకటి.

ఆమె రెండు కారణాలను గుర్తించింది. మొదటిది అవగాహనకు సంబంధించినది. ఉద్యోగుల కంప్యూటర్లలోకి నోట్స్ వచ్చింది కానీ, అది దేనికోసమో వారికి సరిగా వివరించలేదు, శిక్షణ కూడా చాలలేదు. అందువల్ల చాలామంది దాన్ని తమకు ముందే తెలిసిన ఈ-మెయిల్ వంటి వ్యక్తిగత సాధనంగానే భావించారు. రెండోది సంస్థ నిర్మాణానికి సంబంధించినది. అక్కడ పదోన్నతి వ్యక్తిగత పోటీపై ఆధారపడింది. తనకు తెలిసింది అందరితో పంచుకుంటే తన విలువ తగ్గుతుందని ఉద్యోగి అనుకోవడం సహజం. పైగా అక్కడ ప్రతి గంటా ఏదో ఒక ఖాతాదారు లెక్కలో రాయాలి. నేర్చుకోవడానికి పట్టే గంటలు ఏ ఖాతాదారు లెక్కలోనూ చేరవు.

ఈ అధ్యయనం నుంచి ఒక పాఠం గ్రహించాలి. సర్వర్‌ను కొనడానికి డబ్బు చాలు. దాన్ని వాడుకలోకి తేవాలంటే నేర్పే ఏర్పాటు, నేర్చుకునే సమయం, పంచుకుంటే నష్టపోమన్న నమ్మకం కావాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి - 1

1. రెప్లికేషన్ సౌకర్యం ఏ అవసరం వల్ల వచ్చింది?
2. 1992 అధ్యయనం గుర్తించిన రెండు కారణాలు ఏవి?

9.4 షేర్‌పాయింట్ : వెర్షన్ల వెనుక అవసరాలు

మైక్రోసాఫ్ట్ 2001లో షేర్‌పాయింట్ పోర్టల్ సర్వర్‌ను విడుదల చేసింది. 'చెక్ అవుట్' అనే పద్ధతి అందులో ఉంది. గ్రంథాలయం నుంచి ఒకరు తీసుకువెళ్లిన పుస్తకం తిరిగి వచ్చేదాకా మరొకరికి దొరకనట్లే, ఒకరు దిద్దుతున్న పత్రాన్ని ఆ సమయంలో మరొకరు మార్చలేరు. పాత ప్రతులు కూడా భద్రంగా ఉంటాయి. మనం పరిచయంలో చూసిన 'కొత్త ఫైనల్' సమస్యకు ఇది సూటి పరిష్కారం.

తరువాతి వెర్షన్లలో ముఖ్యమైన మార్పులు ఇవి:

• 2003 : పత్రాల నిల్వ ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లోకి మారింది.
• 2007 : వికీలు, బ్లాగులు, ఆమోద ప్రక్రియలు వచ్చాయి. పొరపాటున తొలగించిన ఫైలును తిరిగి తెచ్చుకునే రీసైకిల్ బిన్ కూడా చేరింది.
• 2010 : ఒకే వర్డ్ పత్రాన్ని పలువురు ఒకేసారి దిద్దే వీలు కలిగింది. గ్రంథాలయ పద్ధతిలో ఒకరి తరువాత ఒకరు వేచి ఉండాల్సిన అవసరం తగ్గింది.
• 2016 : సేవలు ఆపకుండానే సర్వర్‌కు మరమ్మతులు చేసే వీలు వచ్చింది. ఒక్కో ఫైలు పరిమితి 2 జీబీ నుంచి 10 జీబీకి పెరిగింది.
• 2019 : మొబైల్ ఫోన్‌లో కూడా చక్కగా కనిపించే ఆధునిక పేజీలు వచ్చాయి.
• 2021 నవంబరు : సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ విడుదలైంది. పేరులో సంవత్సరం లేదు. ఏడాదికి రెండుసార్లు కొత్త సౌకర్యాలు అందే పద్ధతి మొదలైంది.

చివరి మార్పును ప్రత్యేకంగా గమనించండి. పూర్వం మూడేళ్లకోసారి ఒక పెద్ద వెర్షన్ వచ్చేది. నిర్వాహకుడు ఒకసారి శిక్షణ పొందితే కొన్నేళ్లు సరిపోయేది. ఇప్పుడు ఆరు నెలలకోసారి కొత్తది వస్తుంది. కాబట్టి నేర్చుకోవడం ఉద్యోగంలో చేరేముందు ముగిసే దశ కాదు, ఉద్యోగంతో పాటే సాగే పని.

9.5 అభ్యాస వనరుల్లో వచ్చిన మార్పు

1990లలో సాఫ్ట్‌వేర్‌తోపాటు ముద్రిత మాన్యువళ్లు వచ్చేవి. సంస్థలు చందా కడితే మైక్రోసాఫ్ట్ టెక్‌నెట్ సీడీలు నెలనెలా అందేవి. ఐబీఎం 'రెడ్‌బుక్స్' పేరుతో సాంకేతిక గ్రంథాలను ప్రచురించింది. ఇవి ఎక్కువగా అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారికే చేరేవి.

ఉద్యోగం వెతుక్కునేవారికి మరో దారి ఏర్పడింది. హైదరాబాద్‌లోని అమీర్‌పేట ఇందుకు మంచి ఉదాహరణ. మైత్రీవనం పరిసరాల్లోని శిక్షణ కేంద్రాల్లో డాట్‌నెట్, షేర్‌పాయింట్ వంటి కోర్సులు తక్కువ ఫీజుకు చెప్పేవారు. ఇంగ్లిష్ మాన్యువల్‌లోని విషయాన్ని తెలుగులో వివరించే ఉపాధ్యాయుడు, జెరాక్స్ కేంద్రంలో దొరికే నోట్సు ఎందరో జిల్లా విద్యార్థులకు తొలి అభ్యాస వనరులయ్యాయి. కంపెనీల అధికారిక చరిత్రల్లో వీటికి చోటు దొరకదు. కానీ తెలుగు ప్రాంతాల సాఫ్ట్‌వేర్ చరిత్ర వీటిని విడిచిపెట్టలేదు.

2016 తరువాత మైక్రోసాఫ్ట్ తన సాంకేతిక పత్రాలను గిట్‌హబ్‌లో ఉంచి, పాఠకులు కూడా తప్పులు దిద్దడానికి వీలు కల్పించింది. 2018లో మైక్రోసాఫ్ట్ లెర్న్ మొదలైంది. ఇందులో పాఠాలు ఉచితం. షేర్‌పాయింట్ సర్వర్‌ను 180 రోజులు ప్రయోగాత్మకంగా వాడి చూసే అవకాశం కూడా ఉంది.

అయితే పాఠం ఉచితమైనంత మాత్రాన అభ్యాసం ఉచితం కాదు. సర్వర్‌ను స్థాపించాలంటే పెద్ద మెమరీ ఉన్న కంప్యూటర్ కావాలి. క్లౌడ్‌లో సాధన చేసుకునేందుకు డెవలపర్లకు ఇచ్చిన ఉచిత ఖాతాల సౌకర్యాన్ని 2024లో కొన్ని వర్గాలకే పరిమితం చేశారు. చదవడం, చేసి చూడడం మధ్య ఉన్న ఈ దూరమే నేటి విద్యార్థికి ప్రధాన అడ్డంకి.

9.6 సొంత సర్వరా, అద్దె సర్వరా?

2011లో వచ్చిన ఆఫీస్ 365లో షేర్‌పాయింట్ కూడా క్లౌడ్ సేవగా భాగమైంది. అంటే సర్వర్ మైక్రోసాఫ్ట్ కేంద్రంలో ఉంటుంది, సంస్థ చందా కడుతుంది. మరమ్మతుల భారం తగ్గుతుంది. కానీ ఏ సౌకర్యం ఎప్పుడు మారాలో నిర్ణయించే అధికారం కూడా కొంత చేజారుతుంది.

సొంత సర్వర్‌లో అధికారంతోపాటు బాధ్యత కూడా మనదే. 2025 జులైలో సొంత షేర్‌పాయింట్ సర్వర్లలోని ఒక లోపాన్ని ఆసరాగా చేసుకుని దాడులు జరిగాయి. మైక్రోసాఫ్ట్ అత్యవసరంగా మరమ్మతులు విడుదల చేసింది. క్లౌడ్ సేవపై ఈ లోపం ప్రభావం చూపలేదు. 2016, 2019 వెర్షన్లకు మద్దతు ముగిసే తేదీని 2026 జులై 14గా ప్రకటించారు. ఆ తరువాత వాటిలో లోపం బయటపడితే మరమ్మతు వస్తుందన్న భరోసా ఉండదు. కొత్త వెర్షన్‌ను నడపగల శిక్షితులు లేని సంస్థకు ఇది కేవలం సాంకేతిక సమస్య కాదు, ఫైళ్ల భద్రతకే ప్రమాదం.

మూడో దారి ఓపెన్ సోర్స్. 2016లో మొదలైన నెక్స్ట్‌క్లౌడ్ ఇందుకు ఉదాహరణ. మన దేశంలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ రూపొందించిన ఈ-ఆఫీస్‌ను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ కార్యాలయాల్లో వాడుతున్నారు. ఫైలు ఎవరి బల్ల మీద ఉందో తెలియడం అక్కడ కూడా మౌలిక అవసరమే.

మీ ప్రగతిని తెలుసుకోండి - 2

1. సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ వల్ల నేర్చుకునే పద్ధతిలో వచ్చిన మార్పు ఏమిటి?
2. సొంత సర్వర్ వల్ల కలిగే ఒక లాభాన్ని, ఒక బాధ్యతను రాయండి.

9.7 సారాంశం

ప్లేటో నోట్స్ నుంచి సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ వరకు ప్రతి సౌకర్యం వెనుక ఒక వాస్తవమైన ఇబ్బంది ఉంది. లైను లేనప్పుడు రెప్లికేషన్, ప్రతులు పెరిగినప్పుడు చెక్ అవుట్, వేచి ఉండలేనప్పుడు ఉమ్మడి దిద్దుబాటు వచ్చాయి. అయితే 1992 అధ్యయనం చూపినట్లు, నేర్పే ఏర్పాటు లేనిచోట ఈ సౌకర్యాలు ఉండీ లేనట్లే అయ్యాయి. అభ్యాస వనరులు పెట్టెలోని మాన్యువల్ నుంచి ఉచిత పాఠాల వరకు విస్తరించాయి. సాధన చేసే అవకాశం మాత్రం ఇంకా అందరికీ సమానంగా అందలేదు.

9.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. లోటస్ నోట్స్ ఆవిర్భావాన్ని, దాని వాడుకలో ఎదురైన సమస్యలను చర్చించండి.
2. షేర్‌పాయింట్ సౌకర్యాల పరిణామాన్ని వివరించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అభ్యాస వనరుల్లో అమీర్‌పేట శిక్షణ కేంద్రాల స్థానం.
2. మద్దతు ముగింపు తేదీకి ఉన్న ప్రాధాన్యం.

అభ్యాసం : మీకు అందుబాటులో ఉన్న ఏదైనా ఉమ్మడి పత్రాన్ని తెరిచి, అందులో వెర్షన్ చరిత్రను పరిశీలించండి. ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారో అరపేజీలో రాసి, కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.