ప్లేగు రోజుల్లో సావిత్రీబాయి

సావిత్రీబాయి ఫులే అనగానే మనకు బడి, పలక గుర్తొస్తాయి. ఆమె ఆఖరి రోజులు రోగుల మధ్య గడిచాయన్న సంగతి మాత్రం మన సభల్లో పెద్దగా వినిపించదు.

1896లో బొంబాయి మాండ్వీలో ప్లేగు బయటపడింది. మన తెలుగు కూలీలుండే కామాఠీపురానికి అది ఎంతో దూరం కాదు. కొద్ది నెలల్లోనే పుణేకు పాకింది. అక్కడ ఊరి బయట, డాక్టరైన పెంపుడు కొడుకు యశ్వంత్‌తో కలిసి ఆమె రోగులకు సేవ చేశారు. అప్పటికి ఆమెకు 66 ఏళ్లు. నర్సు చదువేమీ చదవలేదు. ముండ్వాలోని మహర్ వాడలో ఒక పిల్లవాడికి ప్లేగు సోకిందని తెలిసి, తానే వీపున వేసుకుని వైద్యానికి తెచ్చారని చెబుతారు. అదీ అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన ఇంటి బిడ్డ! పిల్లవాడు బతికాడు. ఆమెకు ప్లేగు అంటుకుంది. 1897 మార్చి 10న కన్నుమూశారు.

ఆ నెలలోనే రాండ్ కమిటీ సైనికులు పుణేలో ఇల్లిల్లూ సోదా చేయడం మొదలుపెట్టారు. జనం రోగుల్ని దాచేశారు. దాచరా మరి, సోల్జర్లు దేవుడి గదిలోకీ వస్తుంటే!

ఫులే దంపతులు మనకు పరాయివాళ్లు కారు. 1873లో పుట్టిన సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి మన తెలుగువాళ్లున్నారు. ఆ ప్లేగులో మన పేటల్లో రోగుల్ని ఎవరు చూసుకున్నారో మీ ఇళ్లలో పెద్దలు చెప్పుకున్న మాటలుంటే కింద రాయండి. పాత ఉత్తరాలుంటే ఫొటో తీసి పెట్టండి.